ఇంటర్‌లో బాగా చదివిన పిల్లలు ఇంజనీరింగ్‌లో ఎందుకు వెనకబడతారు?

తెలివి తగ్గి కాదు, చదివించే ఏర్పాటు మారిపోవడం వల్ల. ఇంటర్ హాస్టల్‌లో నిద్రలేపడం నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా అన్నీ వేరొకరే చూసుకుంటారు. ఇంజనీరింగ్ కోసం చెన్నై తాంబరంలో అద్దె గదికి వచ్చాక ఆ పని చేసేవారు ఉండరు.

నిద్ర, స్నేహాలు, ఇంటి అప్పులు కూడా కారణాలే. కానీ నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది ‘ఇది నావల్ల అవుతుంది’ అన్న నమ్మకం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించింది దీన్నే. అది ఉన్నవారు లెక్క తప్పినా మళ్లీ ప్రయత్నిస్తారు, లేనివారు పుస్తకం మూసేస్తారు.

మా పక్క గది అబ్బాయికి తమిళం రాదు, ఇంగ్లిష్‌లో తడబాటు. సందేహాలన్నీ నోట్సు అంచున పెన్సిల్‌తో రాసుకుని ఊరుకునేవాడు. ఒక సీనియర్ సాయంత్రాలు వాటిని తెలుగులో విడమరచి చెప్పాడు. రెండో సెమిస్టర్‌లో అతడే తరగతిలో చేయెత్తి అడిగాడు.