డీ అండ్ డీలో ఫైట్లన్నీ ఒకేలా అయిపోతున్నాయి, గుర్తుండిపోయేలా ఎలా తయారుచేయాలి?

మీ టేబుల్ దగ్గర నలుగురు ఆటగాళ్లు, అందరూ 3వ లెవెల్, డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, పాత్రలు ధరించి డైస్‌తో ఆడే కథల ఆట) 5వ ఎడిషన్. పెద్ద మాన్‌స్టర్‌ని దింపితే రెండు రౌండ్లలో చస్తోంది, చిన్నవాటిని దింపితే అందరూ ఉన్నచోటే నిలబడి వంతులవారీగా డైస్ వేస్తున్నారు అన్నారు. మాన్‌స్టర్ బలం పెంచితే చాలా అని అడిగారు. చాలదు. ఆ ఫైట్‌లో కొట్టడం తప్ప చేయడానికి ఇంకో పని లేకపోవడమే అసలు లోపం.

ముందు లెక్క చూడండి. 2014 పుస్తకం ప్రకారం ఓగర్‌కి ఏసీ (దెబ్బ తగలడానికి రావాల్సిన అంకె) 11, హెచ్‌పీ (ప్రాణబలం) 59. ఎటాక్ బోనస్ (20 ముఖాల డైస్‌కి కలిపేది) +5 ఉన్నవాళ్లు 20కి 15 సార్లు దాన్ని కొట్టగలరు. ఫైటర్, రోగ్, క్లెరిక్, స్కార్చింగ్ రే వేసే విజర్డ్ కలిస్తే రౌండ్‌కి సుమారు 35 పోతుంది. రెండో రౌండ్‌లో కూలిపోక ఏమవుతుంది? వాళ్లవి నాలుగు యాక్షన్లు, దానిది ఒక్కటి. ఆ ఒక్కటీ దక్కుతుందన్న నమ్మకం లేదు. టాషాస్ హిడియస్ లాఫ్టర్ (పగలబడి నవ్వించి కింద పడేసి, వంతు పోగొట్టేది) ఒకటో లెవెల్ మంత్రమే. డీసీ (తప్పించుకోవడానికి రావాల్సిన అంకె) 13 అయితే, విజ్డమ్ సేవ్‌కి (తప్పించుకోవడానికి వేసే డైస్‌కి) -2 ఉన్న ఓగర్ 20కి 14 సార్లు దానికి లొంగిపోతుంది.

పోనీ ఇంకా గట్టిగా కొట్టేదాన్ని తెద్దామంటే, ఓగర్ గద దెబ్బే సగటున 13. 3వ లెవెల్ విజర్డ్‌కి ఉండేది 17 నుంచి 20 హెచ్‌పీ. ఒక్క దెబ్బకు పాత్ర పడిపోతే ఆ ఆటగాడు మిగతా ఫైటంతా చూస్తూ కూర్చోవాలి.

అందుకని మాన్‌స్టర్‌ని ఎంచుకునే ముందే ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకోండి: చంపడం కాక ఇక్కడ ఆటగాళ్లకు ఏం కావాలి, శత్రువుకు ఏం కావాలి. ఒకటి నెరవేరితే రెండోది చెడాలి. తర్వాత ఆ పని యాక్షన్లు తినేలా చూడండి. ఓ ఉదాహరణ అంకెలతో సహా ఇస్తున్నాను, అలాగే వాడుకోవచ్చు.

గాయపడ్డ దూతను బల్లకట్టు మీద ఏరు దాటించి, చీకటి పడేలోగా కోటకు చేర్చాలి. ఏరు 90 అడుగులు, అంటే 18 గడులు. బల్లకట్టు 4 గడుల వెడల్పు, 6 గడుల పొడవు. ఒడ్డు నుంచి ఒడ్డుకు కట్టిన మోకును లాగితేనే కదులుతుంది. ఒకరు యాక్షన్ ఖర్చుపెట్టి లాగితే రౌండ్‌కి 15 అడుగులు, ఇద్దరు లాగితే 30. ఎవరూ లాగకపోతే ఏటి మధ్యలో ఆగిపోతుంది.

ఆవలి ఒడ్డున నలుగురు గాబ్లిన్లు. ఇద్దరు బండల చాటు నుంచి బాణాలు వేస్తారు, హాఫ్ కవర్ వల్ల వాళ్ల ఏసీ 15 కాస్తా 17 అవుతుంది. మూడోవాడు గొడ్డలితో మోకు నరుకుతాడు. మోకుకు నాలుగు పేటలు. రెండో రౌండ్ నుంచి వాడి ప్రతి వంతుకూ ఒక పేట తెగుతుంది, దీనికి డైస్ వద్దు. నాలుగోవాడు పొదలో కాచుకుని ఉంటాడు, మూడోవాడు పడితే వచ్చి గొడ్డలి అందుకుంటాడు. బల్లకట్టుకు 40 అడుగుల వెనక ఓగర్ నీళ్లలోకి దిగుతుంది. ఛాతీలోతు నీళ్లు కాబట్టి డిఫికల్ట్ టెరైన్: దాని 40 అడుగుల వేగం 20కి పడిపోతుంది. డాష్ చేస్తే 40 వెళ్తుంది, కానీ ఆ వంతులో కొట్టలేదు.

ఇప్పుడు అంకెలు కలిపి చూడండి. ఒక్కరే లాగితే దాటడానికి ఆరు రౌండ్లు, మోకు ఐదో రౌండ్‌లోనే తెగుతుంది. పైగా మొదటి రెండు రౌండ్లు డాష్ చేసిన ఓగర్ మూడో రౌండ్‌లో గద ఎత్తుతుంది. ఇద్దరు లాగితే మూడు రౌండ్లలో ఒడ్డు చేరతారు, ఓగర్ అందుకోలేదు, కానీ బాణాలకు బదులు చెప్పడానికి ఇద్దరే మిగులుతారు. ఎవరు లాగాలి అన్న వాదన మొదటి రౌండ్‌లోనే మొదలవుతుంది. ఆ వాదన కోసమే ఇదంతా.

బడ్జెట్, అంటే ఫైట్ ఎంత కష్టమో ఎక్స్‌పీ (మాన్‌స్టర్‌కి ఉండే పాయింట్లు)లో చూసే లెక్క: ఓగర్ 450, గాబ్లిన్లు 50 చొప్పున 200, మొత్తం 650 ఎక్స్‌పీ. 2014 పద్ధతిలో ఐదు మాన్‌స్టర్లకు రెట్టింపు, అంటే 1,300. నలుగురు 3వ లెవెల్ పాత్రలకు హార్డ్ 900, డెడ్లీ 1,600 కాబట్టి మధ్యలో ఉంది. 2024 పుస్తకంలో ఆ గుణకారం లేదు. 650 అక్కడ లో, మోడరేట్ అంకెల మధ్య పడి తేలిగ్గా కనిపిస్తుంది. నమ్మకండి. మోకు లాగే ప్రతి యాక్షన్ పార్టీ కొట్టే శక్తిలో పావు వంతు తగ్గిస్తుంది, ఆ బరువు ఎక్స్‌పీ లెక్కలో కనబడదు.

ఈ నియమాలన్నీ ఇనిషియేటివ్‌కి (వంతుల వరస తేల్చే డైస్‌కి) ముందే పైకి చెప్పేయండి. చాలామంది డీఎమ్‌లు (ఆట నడిపేవాళ్లు) ఇక్కడే తప్పు చేస్తారు, దాచిపెట్టి మూడో రౌండ్‌లో ఆశ్చర్యపరచాలనుకుంటారు. మోకు తెగుతోందని తెలియనివాళ్లకు ఎంచుకోవడానికి ఏమీ ఉండదు, తెగాక అన్యాయం అనిపిస్తుంది. నాలుగు దారాలు కలిపి టేబుల్ మధ్యలో కట్టి, పేట తెగినప్పుడల్లా కత్తెరతో ఒకటి కత్తిరించండి. దీనికి మించిన వర్ణన అక్కర్లేదు.

ఒకసారి మధ్యలో పరిస్థితి మారాలి. ఓగర్ హెచ్‌పీ 30కి దిగాక, బల్లకట్టు దగ్గరే ఉంటే, రెండు చేతులతో దాని అంచు పట్టుకుంటుంది. ఆ వంతుకు అంతే. తర్వాతి వంతులో ఒరగదీస్తుంది: డెక్స్‌టెరిటీ సేవ్ డీసీ 12, తప్పినవాళ్లు 10 అడుగులు దానివైపు జారి ప్రోన్ అవుతారు (కింద పడతారు). మధ్యలో ఇచ్చిన ఆ ఒక్క రౌండ్‌లో దూతను అవతలి అంచుకు లాగాలా, ఓగర్ చేతులు నరకాలా అని వాళ్లే తేల్చుకుంటారు.

మోకు తెగితే ఎవరూ చావనక్కర్లేదు. బల్లకట్టు రౌండ్‌కి 30 అడుగులు దిగువకు కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డు తగులుతుంది, కోటకు చేరేసరికి తలుపులు మూసేసి ఉంటాయి. ఓడినా కథ నడవాలి. 300 అడుగుల లోయ పెడితే ఆ దారి మూసుకుపోతుంది, మీరే డైస్ దాచి అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

పాత్రల రేంజ్‌లు కూడా సరిచూసుకోండి. సేక్రెడ్ ఫ్లేమ్ 60 అడుగులే, మొదటి రౌండ్‌లో క్లెరిక్ అవతలి ఒడ్డును కొట్టలేడు, కాబట్టి మోకు దగ్గర అతనికి పని దొరుకుతుంది. ఫైర్ బోల్ట్ 120 కాబట్టి విజర్డ్‌కి ఇబ్బంది లేదు. గాబ్లిన్లు బోనస్ యాక్షన్‌తో దాక్కోగలరు, కానీ ఇద్దరు విలుకాళ్లలో ఒకడితోనే అది చేయించండి. ఇద్దరూ ప్రతి రౌండూ దాక్కుంటే ఆటగాళ్ల వంతులన్నీ వెతకడానికే పోతాయి. పొగమంచు, మంటలు, సుడిగుండం కూడా చేర్చాలనిపిస్తుంది, వద్దు. ఒక ఫైట్‌కి రెండు ప్రత్యేక నియమాలు చాలు, మూడోది డీఎమ్ సైతం మర్చిపోతాడు.

గొడ్డలి పట్టేవాళ్లిద్దరూ పడిపోయి, ఓగర్ వెనకబడితే ఫలితం తేలినట్టే. మిగిలిన గాబ్లిన్లను పారిపోనివ్వండి. 7 హెచ్‌పీ గాబ్లిన్‌ని వెంటాడటానికి ఇంకో పావుగంట ఖర్చుపెడితే అప్పటిదాకా కట్టిన బిగువంతా సడలిపోతుంది.

ముగ్గురే ఆటకు వస్తే విలుకాళ్లిద్దరినీ తీసేసి, మోకుకు ఐదు పేటలు పెట్టండి. అప్పుడు లెక్క 1,100, ముగ్గురికి డెడ్లీ 1,200.