గ్రౌండే తమది కానప్పుడు పూచీ దేనిమీద?

ప్రశ్న: నేను, నా భార్య ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్నాం. నాకు 34, తనకు 32. రెండేళ్ళలో ఇల్లు కొనాలని డిపాజిట్ కోసం 18,000 పౌండ్లు కూడబెట్టాం. మా ఏడేళ్ళ బాబు మా టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ జూనియర్స్‌లో ఆడతాడు. క్లబ్ పెద్ద జట్టు ఏడో స్థాయి లీగ్‌లో ఉంది. గ్రౌండు ఒక ప్రాపర్టీ కంపెనీది. అద్దె బకాయి 38,000 పౌండ్లని వాళ్ళంటున్నారు, అంత లేదని క్లబ్ అంటోంది. కట్టకపోతే తాళాలు మార్చేస్తామని నోటీసు కూడా వచ్చింది. క్లబ్ ఇప్పుడు అభిమానులను మూడేళ్ళకు 8 శాతం వడ్డీకి అప్పు అడుగుతోంది. కాగితం మీద ‘స్టేడియం పూచీతో’ అని రాసుంది. 5,000 పౌండ్లు ఇద్దామనుకుంటున్నాను. ఛైర్మన్ మంచి మనిషి. ఇవ్వొచ్చా?

జవాబు: ఇంటి డిపాజిట్ డబ్బులోంచి అప్పుగా ఒక్క పౌండు కూడా ఇవ్వకండి. క్లబ్‌కు సాయం చేయొద్దని నేను అనడం లేదు. దానికి వేరే దారి ఉంది, అది కింద చెప్తాను. ముందు ఆ కాగితం మీదున్న ‘స్టేడియం పూచీతో’ అన్న రెండు మాటల సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అదే.

గ్రౌండు ప్రాపర్టీ కంపెనీదని మీరే రాశారు. తనది కాని దాన్ని క్లబ్ ఎలా తాకట్టు పెడుతుంది? క్లబ్ చేతిలో ఉన్నది లీజు మాత్రమే. లీజును తాకట్టు పెట్టాలన్నా సాధారణంగా యజమాని ఒప్పుకోవాలి. ఆ యజమానే ఇప్పుడు తాళం మారుస్తానంటున్నాడు. ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చినవాడు కోర్టుకు వెళ్ళకుండా మిమ్మల్ని బయటికి పంపలేడు. వ్యాపార లీజు అలా కాదు. అద్దె కట్టకపోతే లీజు రద్దు చేసుకోవచ్చన్న షరతు ఒప్పందంలో ఉంటే, యజమాని ఎవరూ లేని వేళ చూసి, కోర్టు ఆర్డరు లేకుండానే తాళం మార్చేయొచ్చు. లీజు అలా పోతే దానిమీద పెట్టిన పూచీ కూడా దాంతోనే పోతుంది. పొద్దున్నే గేటుకు కొత్త తాళం కనిపించిన రోజున మీ చేతిలో మిగిలేది ఒట్టి ప్రామిసరీ నోటు.

ఇందులో క్లబ్ మోసం చేస్తోందని నేను అనుకోవడం లేదు. ఆ కాగితం రాసింది బహుశా శనివారాల్లో గేటు దగ్గర టికెట్లు చింపే వాలంటీరే అయ్యుంటాడు. కానీ మంచి మనసుతో రాసిన తప్పు మాటకు కూడా మీ డబ్బే పోతుంది.

గ్రౌండు ఒకరిది, జట్టు ఇంకొకరిది అయినప్పుడు ఏం జరుగుతుందో కోవెంట్రీ కథ చూస్తే తెలుస్తుంది. నా దగ్గరికి ఇలాంటి ప్రశ్నతో వచ్చేవాళ్ళకు నేను ముందు ఇదే చెప్తాను. కోవెంట్రీ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ 1899 నుంచి హైఫీల్డ్ రోడ్ గ్రౌండులో ఆడేది. 2005లో దాన్ని వదిలి కొత్త రికో అరీనాకు మారింది. అందులో క్లబ్‌కు సగం వాటా ఉండాల్సింది. డబ్బు ఇబ్బందుల్లో ఆ వాటాను స్టేడియం తెరవకముందే ఒక ఛారిటీకి అమ్మేసుకుంది. మిగతా సగం నగర కౌన్సిల్‌ది. దాంతో క్లబ్ తన ఊళ్ళోనే అద్దెకు దిగింది. అద్దె ఏడాదికి దాదాపు 13 లక్షల పౌండ్లు. మ్యాచ్ రోజున తిండి, పార్కింగ్ లాంటి వాటి మీద వచ్చే రాబడిలో ఎక్కువ భాగం కూడా స్టేడియం కంపెనీకే పోయేది.

ఇక్కడ కాసేపు ఆగండి, అసలు సమస్య ఇక్కడే ఉంది. జట్టు కింది లీగ్‌కు పడిపోతే టీవీ డబ్బు తగ్గుతుంది, టికెట్లు తగ్గుతాయి, స్పాన్సర్లు తగ్గుతారు. అద్దె మాత్రం తగ్గదు. 2012లో కోవెంట్రీ మూడో స్థాయికి పడిపోయింది, అద్దె కట్టడం ఆపేసింది. 2013 మార్చిలో క్లబ్ కంపెనీల్లో ఒకటి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది, అంటే అప్పులు తీర్చలేక బయటి నిపుణుల చేతికి వెళ్ళింది. దాంతో లీగ్ పట్టికలో 10 పాయింట్ల కోత పడింది. బకాయిల మీద రాజీకి స్టేడియం కంపెనీ ఒప్పుకోకపోవడంతో తర్వాతి సీజన్ మొదట్లో ఇంకో 10 పోయాయి. క్లబ్ మూటాముల్లె సర్దుకుని, ముప్పై మైళ్ళకు పైగా దూరంలో ఉన్న నార్తాంప్టన్‌కు వెళ్ళి అక్కడి గ్రౌండులో ఒక సీజన్ ఆడింది. పదివేల మందికి పైగా వచ్చే సొంత మ్యాచ్‌లకు రెండు వేల చిల్లర మంది వచ్చారు. లోపలికి వెళ్తే యజమానులకు డబ్బిచ్చినట్టవుతుందని కొందరు అభిమానులు గ్రౌండు పక్కనున్న గుట్టమీద నిలబడి చూశారు. తమ జట్టును తామే టికెట్ కొని చూడలేని పరిస్థితి అది. ఆ గుట్ట సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

2014 సెప్టెంబరులో క్లబ్ తిరిగొచ్చింది. కొద్ది వారాలకే స్టేడియం చేతులు మారింది. వాస్ప్స్ అనే రగ్బీ క్లబ్ దాన్ని కొనుక్కుంది. మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఆ తర్వాతి భాగం. వాస్ప్స్ 2015లో మామూలు జనానికి బాండ్లు అమ్మింది. 3.5 కోట్ల పౌండ్లు, 6.5 శాతం వడ్డీ, 2022 మేలో అసలు తిరిగిస్తామన్న మాట. ఆ బాండ్లకు నిజమైన పూచీ ఉంది, స్టేడియం మీద హక్కు రాసిచ్చారు. అయినా 2022 మేలో అసలు రాలేదు. అక్టోబరుకు వాస్ప్స్ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. ఫ్రేజర్స్ గ్రూప్ అనే దుకాణాల కంపెనీ స్టేడియాన్ని 1.7 కోట్ల పౌండ్లకు కొనుక్కుంది. బాండ్ల అప్పులో అది సగం కూడా కాదు. చివరికి 2025 ఆగస్టులో కోవెంట్రీ సిటీ ఆ స్టేడియాన్ని కొనుక్కుని, ఇరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ సొంత గూటికి చేరింది.

అద్దెకున్నవాడూ మునిగాడు, యజమానీ మునిగాడు. స్టేడియం అంటే కోట్ల విలువ అనుకుంటాం. దాన్ని కొనేది మరో క్లబ్ లేదా బిల్డర్, అంతే. బిల్డర్‌కు కౌన్సిల్ ప్లానింగ్ అనుమతి దొరక్కపోతే ఆ విలువ కాగితం మీదే ఉండిపోతుంది. నిజమైన పూచీ ఉన్నవాళ్ళ పరిస్థితే అలా అయితే, మీ కాగితం మీది రెండు మాటలు ఏ మూలకు?

ఇప్పుడు వడ్డీ లెక్క. 5,000 మీద 8 శాతం అంటే మూడేళ్ళకు 1,200. అదే డబ్బు బ్యాంకులో 4 శాతానికి పెడితే 600 వస్తుందనుకుందాం. అంటే క్లబ్ మీకిచ్చే అదనం మూడేళ్ళకు 600, నెలకు 17 పౌండ్లు కూడా కాదు. పది మంది మీలాంటివాళ్ళు పది వేర్వేరు క్లబ్‌లకు తలా 5,000 ఇచ్చారనుకోండి. ఒక్క క్లబ్ మునిగి, తొమ్మిది సక్రమంగా కట్టినా అందరికీ కలిపి వచ్చేది 55,800. బ్యాంకులో పెట్టుంటే 56,000. పదింట్లో ఒక్కటి పోయినా బ్యాంకుకన్నా వెనకబడతారు. తాళం నోటీసు చేతికొచ్చిన క్లబ్ మునిగే అవకాశం పదింట్లో ఒకటేనని నేను చెప్పలేను. వడ్డీకి ఆశపడితే అసలుకే ఎసరు వచ్చే బేరం ఇది.

పైగా బ్యాంకులో ఉన్న డబ్బుకు ఎఫ్‌ఎస్‌సీఎస్ రక్షణ ఉంది, అంటే బ్యాంకు మునిగినా డిపాజిట్ తిరిగిచ్చే పథకం. 2025 డిసెంబరు 1 నుంచి ఒక్కో బ్యాంకులో మనిషికి 1,20,000 పౌండ్ల వరకు. క్లబ్‌కిచ్చిన అప్పుకు ఆ రక్షణ లేదు. క్లబ్ మునిగితే వరసలో మీరు చాలా వెనక నిలబడాలి. నిజమైన తాకట్టు ఉన్నవాళ్ళు ముందు, 2020 డిసెంబరు నుంచి వ్యాట్, జీతాల పన్ను లాంటి బాకీల విషయంలో పన్నుల శాఖ కూడా మీకన్నా ముందే. ఫుట్‌బాల్‌లో ఇంకో నియమం ఉంది. పెద్ద లీగ్‌లలో కొనసాగాలంటే ఆటగాళ్ళ జీతాలు, వేరే క్లబ్‌ల బాకీలు పూర్తిగా తీర్చాలి. 2010లో పోర్ట్స్‌మత్ క్లబ్ మునిగినప్పుడు మ్యాచ్‌ల దగ్గర ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ ఆంబులెన్స్ కూడా బాకీ రానివాళ్ళ జాబితాలో నిలబడింది.

ఛైర్మన్ మంచి మనిషే అయ్యుంటారు. అయినా అడగాల్సినవి అడగండి. మొదటిది, అప్పు తీసుకునేది ఏ కంపెనీ? ఇది చాదస్తం కాదు. కోవెంట్రీ గొడవలో లీజు ఒక కంపెనీ పేర, ఆటగాళ్ళు ఇంకో కంపెనీ పేర ఉన్నారా అన్నదానిమీదే నెలల తరబడి వాదించుకున్నారు. మీ దగ్గర తీసుకునే కంపెనీ పేరు, కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఖాతాలు ఆలస్యమయ్యాయా చూడండి. ‘ఛార్జెస్’ అన్న భాగం తెరవండి. నిజంగా పూచీ ఇస్తే దాన్ని 21 రోజుల్లో అక్కడ రిజిస్టరు చేయాలి. చేయని పూచీ దివాలా రోజున చెల్లదు.

రెండోది, లీజు కాపీ. ఇంకా ఎన్నేళ్ళు ఉంది? 1954 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం రక్షణ దానికి ఉందా, లేక మొదట్లోనే వదులుకున్నారా? వదులుకుని ఉంటే గడువు తీరగానే ఖాళీ చేయాల్సిందే. ఇదివరకు ఒక చిన్న క్లబ్ లీజు నా చేతికొచ్చింది. చివరి పేజీల్లో, షెడ్యూల్ కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: బార్, కార్ పార్క్, గోడమీద బోర్డుల రాబడి యజమానిది. క్లబ్‌కు మిగిలేది గేటు దగ్గర టికెట్లు, టీ స్టాల్. వానపడి నెలలో రెండు మ్యాచ్‌లు రద్దయితే ఆ నెల అద్దె ఎక్కడినుంచి వస్తుంది? ట్రెజరర్‌ను అడిగితే ఆయన తల వంచుకున్నారు. మీ క్లబ్ లీజులోనూ ముందు ఆ పేజీ వెతకండి.

మూడోది చాలామంది అడగరు. మీరందరూ ఇచ్చిన డబ్బు ఎక్కడికి వెళ్తుంది? బకాయి తీర్చడానికే అయితే అది నేరుగా యజమాని జేబులోకి పోతుంది. వచ్చే మూడు నెలల అద్దె మళ్ళీ నెత్తిమీద ఉంటుంది. కొత్త లీజు, తగ్గిన అద్దె, బార్ రాబడి క్లబ్‌కే అని యజమాని సంతకం పెట్టిన తర్వాత డబ్బు ఇవ్వడం వేరు, అంతకు ముందు ఇవ్వడం వేరు.

2025లో వచ్చిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం గ్రౌండ్లను కాపాడుతుంది కదా అని మీకెవరైనా అనొచ్చు. అది పై ఐదు స్థాయిల క్లబ్‌లకే. మీది ఏడోది.

ఇక మీ ఇంటి సంగతి. మీ ఇద్దరికీ 40 లోపే కాబట్టి చెరొక లైఫ్‌టైమ్ ఐసా అనే పొదుపు ఖాతా తెరవచ్చు. ఏడాదికి 4,000 వేస్తే ప్రభుత్వం 1,000 కలుపుతుంది. ఇద్దరికీ కలిపి ఏడాదికి 2,000. క్లబ్ మూడేళ్ళకు ఇస్తానన్న వడ్డీకన్నా ఇది ఎక్కువ, అదీ మునిగే భయం లేకుండా. తెరిచి 12 నెలలు దాటాకే ఇంటికి వాడుకోగలరు, ఇల్లు 4,50,000 పౌండ్లు మించకూడదు. వేరే పనికి తీస్తే 25 శాతం కోత పడుతుంది, అంటే వేసినదాంట్లోంచి కూడా కొంత పోతుంది. మనవాళ్ళు తరచూ మర్చిపోయేది ఇంకొకటుంది. ప్రపంచంలో ఎక్కడైనా సరే, మీ పేర ఇల్లు ఉన్నా, ఇంట్లో వాటా ఉన్నా, మిమ్మల్ని మొదటిసారి కొనేవాళ్ళుగా లెక్కేయరు. మీ నాన్నగారు ఊళ్ళో ఇల్లు మీ పేర రాశారా? ఈ రోజే ఫోన్ చేసి కనుక్కోండి.

మరి క్లబ్? బాబు వారం వారం వెళ్ళే చోటు, మీకు ఆ దేశంలో పదిమంది పరిచయమైన చోటు. దాని విలువ నాకు తెలుసు. నెల జీతంలోంచి, పోయినా నిద్ర పట్టే మొత్తం ఒకటి అనుకోండి. మీ పరిస్థితిలో 300 పౌండ్లు దాటొద్దంటాను. దాన్ని అప్పుగా కాదు, విరాళంగా ఇచ్చేయండి. అప్పుగా ఇస్తే మూడేళ్ళూ టెన్షన్, పైగా రేపు ఛైర్మన్ ఎదురుపడితే ముఖం చూసుకోలేరు.

అంతకంటే పెద్ద సాయం ఇంకొకటి చేయొచ్చు. తల్లిదండ్రులంతా కలిసి కమిటీ దగ్గరికి వెళ్ళి, అప్పు కాగితాలు ఆపి కమ్యూనిటీ బెనిఫిట్ సొసైటీ, అంటే ఊరి మేలు కోసం సభ్యులే నడుపుకునే సంఘం పెట్టమని అడగండి. ఎవరు ఎంత పెట్టినా మనిషికి ఒకే ఓటు. ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అభిమానులు ఇలాగే కమ్యూనిటీ షేర్ల మీద దాదాపు 20 లక్షల పౌండ్లు పోగుచేసి 2015లో సొంత గ్రౌండు తెరుచుకున్నారు. ఆ షేర్లకూ ఎఫ్‌ఎస్‌సీఎస్ రక్షణ లేదు, కావాలన్నప్పుడు వెనక్కి రావు. కాబట్టి అందులోనూ మీ పరిమితి ఆ 300 పౌండ్లే. కానీ అక్కడ మీ డబ్బు పాత బకాయిలోకి పోకుండా గ్రౌండు కోసం ఖర్చవుతోందా అని ఓటుతో అడగగలరు. దాంతోపాటు గ్రౌండును ‘అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూ’గా, అంటే ఊరివాళ్ళకు విలువైన ఆస్తిగా నమోదు చేయమని కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టించండి. 2011 లోకలిజం చట్టం కింద, యజమాని అమ్మకానికి పెడితే డబ్బు కూడగట్టుకోవడానికి మీకు ఆరు నెలల వరకు సమయం దొరుకుతుంది. మీకే అమ్మాలన్న బలవంతం మాత్రం ఉండదు.

ముందు తాళం నోటీసు మీదున్న తేదీ చూడండి. ఆ లోపు క్లబ్ ఒక ప్రాపర్టీ సొలిసిటర్‌ను కలవకపోతే మిగతావన్నీ ఆలస్యమైపోతాయి. మీ 300 పౌండ్లు ఆ ఫీజుకే ఇస్తానని ఛైర్మన్‌తో చెప్పి చూడండి.