అటక మీద కందిరీగల గూడు: మంట పెట్టవద్దు, చలికాలం కోసం ఆగవద్దు

అటక మీద కందిరీగలు గూడు పెట్టాయని, అత్తగారు కిరోసిన్ పోసి అంటించమంటున్నారని, ఇంటర్నెట్‌లో మాత్రం చలికాలం దాకా ఆగితే అవే పోతాయని ఉందని రాశారు. దయచేసి రెండూ చేయకండి. గ్యాస్ సిలిండర్ ఉన్న ఇంట్లో, పాత సామాను నిండిన అటక మీద మంట పెడితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

చలికాలం సలహా ఇంగ్లండు లాంటి చలిదేశాలది. అక్కడ చలికి గూడంతా చచ్చి, కొత్త రాణులు మాత్రమే ఎక్కడో దాక్కుని బతుకుతాయి. బెంగళూరు చలి అంతటిది కాదు. ఇక్కడి రోపాలిడియా మార్జినాటా అనే జాతి ఏడాది పొడవునా గూళ్లు కడుతూనే ఉంటుంది. మన ఊళ్లోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్కర్ దశాబ్దాల తరబడి పరిశోధించింది వీటినే.

ముందు దూరం నుంచి ఫోనుతో ఫొటో తీసి చూడండి. మట్టి గూడైతే భయం లేదు, అది ఒంటరి కందిరీగ పని. ఖాళీ అయ్యాక గీకేయవచ్చు. తామరకాయలా గదులు కిందికి తెరుచుకుని వేలాడుతుంటే గుంపు ఉన్నట్టు. పొట్టకు పసుపు పట్టీ ఉన్న పెద్ద నల్ల కందిరీగలైతే అసలు దగ్గరికే వెళ్లకండి.

మారతహళ్లిలో మా వంటింటి అటక మీద వేలాడే గూడే ఉండేది. పండక్కి గంగాళం దించబోతే అమ్మ ముంజేతిని కుట్టాయి. తేనెటీగలా ముల్లు వదిలి చచ్చేవి కావివి, ఒక్కటే పదేపదే కుట్టగలదు. అమ్మకు వాపుతో పోయింది, చల్లటి గుడ్డ కట్టాం. కానీ ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే 108కి ఫోను చేయండి. చాలా కాట్లు పడితే బాగానే ఉన్నట్టనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

పురుగుల నివారణ మనిషిని చీకటి పడ్డాకే రమ్మనండి. పగలు సగం కందిరీగలు బయట తిరుగుతుంటాయి, రాత్రికి అన్నీ గూటికి చేరతాయి. మా ఇంటికి వచ్చినతను ఒంటినిండా తొడుగు వేసుకుని మందు కొట్టి, గూడు సంచిలో వేసుకుని వెళ్లాడు. మేము పిల్లలతో పక్కింట్లో ఉన్నాం. తర్వాత గిన్నెలన్నీ తోమాం, గూడు వేలాడిన కాడను గీకించాం. మర్నాడు ఒకటీ అరా వచ్చి తిరిగినా కంగారు పడకండి, చేత్తో తోలకండి. అవి వచ్చే దారి వెంటిలేటరే అయితే దానికి సన్న జాలీ కొట్టించండి.