పాత మారుతి 800కి కొత్త బ్యాటరీ వేసినా ఎందుకు దిగిపోతోంది?

అనంతపురంలో తిరిగే 1998 మోడల్ మారుతి 800, కొత్త బ్యాటరీ రెండు రోజులకే డౌన్ అవుతోంది అన్నారు కదా, ముందు బ్యాటరీని తిట్టడం ఆపి వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి తెచ్చుకోండి. ఫుల్ చార్జ్ చేసిన బ్యాటరీ, బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేస్తే 13.8 నుంచి 14.5 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే చార్జింగ్ లేనట్టే. 15 దాటితే చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయినట్టు, మన ఎండలకు అది కూడా తోడైతే బ్యాటరీలో నీళ్లు నిలవవు.

చార్జింగ్ లేదని వెంటనే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే భాగం) మార్చకండి. దాన్ని తిప్పే బెల్టు జారుతోందేమో చూడండి. తాళం తిప్పగానే డాష్‌బోర్డులో బ్యాటరీ లైటు వెలగాలి, చాలా పాత బండ్లలో ఆ చిన్న బల్బు మాడిపోయినా చార్జింగ్ మొదలవదు. తర్వాత ఇంజిన్ నడుస్తుండగా హెడ్‌లైట్లు వేసి, మీటరు ఒక కొన ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బోల్టుకు, ఇంకో కొన బ్యాటరీ ప్లస్‌కు పెట్టండి, అర వోల్టు చూపిస్తే తప్పు వైరుదో తుప్పుదో. ఎర్త్ (బ్యాటరీ మైనస్) వైపూ ఇంతే, ఆల్టర్నేటర్ బాడీకీ మైనస్‌కూ మధ్య కొలవండి. నా బండికి ఎర్త్ వైరు గీకి బిగిస్తే సరిపోయింది, అప్పటికే మెకానిక్ ఆల్టర్నేటర్ కొనిపించాడనుకోండి!

నడుస్తున్న బండికి బ్యాటరీ టెర్మినల్ పీకి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు, ఆల్టర్నేటర్‌లో కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు పోతాయి.