ముహూర్తాలు లేని నెలల్లో ఎలా అన్నది ముందు చూసుకోండి

రాజోలు దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి రాశారు. కొబ్బరి తోట ఉంది. అమ్మాయి ఈ ఏడాదే బీకాం పూర్తి చేసింది. బ్యాంకు కోచింగ్ అంటే వద్దంటోంది, హైదరాబాద్ వెళ్ళి స్ట్రీట్ ఫోటోగ్రఫీ (వీధుల్లో మామూలు జనాన్ని ఫోటోలు తీయడం), పోర్ట్రెయిట్లు, ఈవెంట్లు చేస్తానంటోంది. రెండున్నర లక్షల కెమెరా అడుగుతోంది. "ఇందులో అన్నం దొరుకుతుందా? ఆడపిల్ల కెమెరా పట్టుకుని ఒక్కర్తీ వీధుల్లో తిరగడం ఏంటండీ? కోర్సు ఏదైనా ఉందా?" అని అడిగారు.

అన్నం దొరుకుతుందండి. కాకపోతే అమ్మాయి చెప్పిన మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. డబ్బులొచ్చేది ఈవెంట్లతో, అందులోనూ పెళ్ళిళ్ళతో. పోర్ట్రెయిట్లంటే బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, ఉద్యోగుల ప్రొఫైల్ ఫోటోలు. చిన్న మొత్తాలే, కానీ ఏడాది పొడుగునా వస్తుంటాయి. స్ట్రీట్ ఫోటోలకు మాత్రం దాదాపు ఎవరూ పైసా ఇవ్వరు. అలాగని మానేయమని చెప్పకండి. కన్ను పదునెక్కేది అక్కడే.

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ జీతం పంచాంగంలో ఉంటుంది. మాఘంలో, వైశాఖంలో ఒకే ముహూర్తానికి ముగ్గురు పిలుస్తారు. ఆషాఢం వచ్చిందంటే ఫోను మోగదు. భాద్రపదం, పుష్యం అంతే, మధ్యలో మూఢం వస్తే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లో గది అద్దెకు మాత్రం శూన్యమాసం ఉండదు. అందుకే అక్కడ నిలదొక్కుకున్నవాళ్ళు ఆ నెలల్లో కంపెనీ మీటింగులు, హైటెక్స్‌లో జరిగే ఎగ్జిబిషన్ల లాంటివి పట్టుకుంటారు. ఆ పరిచయాలు మొదటి ఏడాదిలోనే దొరకవు.

కాబట్టి ముందు ఒక సీజను మీ ఊరి చుట్టుపక్కలే పనిచేయమనండి. అమలాపురంలోనో పాలకొల్లులోనో ఆర్డర్లు బాగా ఉన్న స్టూడియోలో సెకండ్ షూటర్‌గా, అంటే అసలు ఫోటోగ్రాఫర్ పక్కన రెండో మనిషిగా చేరితే చాలు. మొదట్లో లైటు పట్టుకోమంటారు, బ్యాగు మోయమంటారు, భోజనానికి ఆఖరి బంతి. అవన్నీ పనిలో భాగమే. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం చూడండి. అడ్డుతెర దిగుతుంది, ఇద్దరి చేతులూ ఒకరి తల మీద ఒకరివి, సరిగ్గా అప్పుడే మేనమామ సెల్‌ఫోన్ పైకెత్తి అడ్డమొస్తాడు. ఆ మేనమామ ఎటునుంచి వస్తాడో ముందే పసిగట్టి చోటు చూసుకోవడం ఏ క్లాసులోనూ రాదు. మధుపర్కాల తెలుపు తెల్ల మచ్చలా మిగలకుండా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) కాస్త తగ్గించాలి. ఇక మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవకరకం ఎల్‌ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ తెరుచుకునే సమయం సెకనులో 1/100 దగ్గరో 1/50 దగ్గరో పెట్టకపోతే ఫోటో మీద చారలు పడే ప్రమాదం ఉంది. రెండు మెమరీ కార్డుల్లో ఒకేసారి రికార్డయ్యే కెమెరాలు పెళ్ళిళ్ళకు వాడేదీ అందుకే: కార్డు పోయిందని మళ్ళీ తాళి కట్టించలేం కదా!

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్ళదే, వేరే ఒప్పందం రాసుకుంటే తప్ప. పెళ్ళికూతురి ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలన్నా ఆర్డర్ ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాయించుకోవాలి. అడ్వాన్సు ఎంత, ఆల్బమ్ ఎన్నాళ్ళకు అన్నవి కూడా అందులోనే.

ఆడపిల్ల అని భయపడుతున్నారు. ఈ పనిలో అదే ఆమెకు కలిసొచ్చేది. పెళ్ళికూతుర్ని తయారుచేసే గదిలోకి మగ ఫోటోగ్రాఫర్ వస్తే అందరూ సర్దుకుని కూర్చుంటారు. అమ్మాయి వస్తే పిన్నులూ అత్తలూ మాటలు ఆపరు. ఆ ఫోటోలే వేరుగా ఉంటాయి. అయితే అర్ధరాత్రి ముహూర్తాలకు రానూపోనూ బండి ఎవరు ఏర్పాటు చేస్తారో ముందే తేల్చుకోవాలి. అందులో మొహమాటం పనికిరాదు.

వీధుల సంగతికొస్తే, హైదరాబాద్‌లో తెల్లవారుజామున గుడిమల్కాపూర్ పూల మార్కెట్, పొద్దున్నే సికింద్రాబాద్ మోండా మార్కెట్, సాయంత్రం చార్మినార్ పక్కన లాడ్ బజార్. జనం ఉన్న చోట్లే, జనం ఉన్న వేళల్లోనే. మొదట్లో తోడు ఒకరు ఉంటే మంచిది. రోజుకో చోటుకు పరిగెత్తకుండా ఒకే బజారుకు పదేపదే వెళ్ళమనండి. నాలుగోసారికి పూలమ్మే ఆమే "ఏమ్మా, ఇవాళ ఆలస్యమైందే" అంటుంది, అప్పుడు అసలు ముఖం దొరుకుతుంది. షట్టర్ 1/250కి తగ్గకుండా ఉంటే నడిచేవాళ్ళు చెదిరిపోరు. పిల్లల్నీ ఆడవాళ్ళనీ దగ్గరగా తీసేటప్పుడు అడిగే తీయాలి, వద్దంటే చెరిపేయాలి. సైనిక స్థలాల జోలికి పోకూడదు. రైల్వే స్టేషన్లలో వ్యాపారం కోసం తీయాలంటే అనుమతి కావాలి, చార్మినార్ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కూ అంతే.

ఈ సాధనకు అప్పుడే రైలెక్కనక్కర్లేదు కూడా. అంబాజీపేట కొబ్బరి మార్కెట్, నరసాపురం చేపల రేవు మీకు దగ్గరే. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పంపండి. ప్రభలను (అలంకరించిన ఎత్తైన దేవుడి చట్రాలను) భుజాల మీద మోస్తూ కౌశిక కాలువలో దిగి దాటే దృశ్యం, ఎదురెండ, తోపులాట, రెండో అవకాశం లేని క్షణం... ఈవెంట్ ఫోటోగ్రఫీకి అంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు. ఆ రోజు తీసిన వందల ఫోటోల్లోంచి పన్నెండు మాత్రమే ఏరి తెమ్మనండి. ఏరడం చేతకాకపోతే తీయడం కూడా రానట్టే.

కోర్సు గురించి క్లుప్తంగా. హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫోటోగ్రఫీలో నాలుగేళ్ళ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, ఇంటర్ అర్హతతో ప్రవేశ పరీక్ష రాయాలి. లోకల్, నాన్ లోకల్ నిబంధనలు నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. డిగ్రీ అయిపోయిన పిల్లకు మళ్ళీ నాలుగేళ్ళు అవసరం లేదని నా ఉద్దేశం. మూడు నెలల్లో గ్యారంటీ ప్లేస్‌మెంట్ అనే ప్రకటనలకు మాత్రం డబ్బు కట్టకండి. ఏటా మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటో ఫెస్టివల్ జరుగుతుంది, 2015 నుంచీ ఉంది. అక్కడ గోడల మీది ఫోటోల ముందు ఒక రోజంతా గడిపితే చాలా తెలుస్తుంది.

ఇక ఆ రెండున్నర లక్షలు. అప్పు చేయకండి, తోట తాకట్టు అసలే వద్దు. రెండు కార్డులు పట్టే సెకండ్ హ్యాండ్ కెమెరా బాడీ (లెన్సు లేకుండా) ఒకటి, 35, 50 ఎం.ఎం. లెన్సులు, ఒక ఫ్లాష్, రెండు హార్డ్ డిస్కులు కొనండి. హార్డ్ డిస్కుల్లో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. పెద్ద జూమ్ లెన్సు కావాల్సిన రోజున అద్దెకు తెచ్చుకోవచ్చు. మిగిలినది అమ్మాయి పేరున బ్యాంకులో వేసి, హైదరాబాద్‌లో ఆరు నెలల అద్దెకూ మెస్సుకూ అని పక్కన పెట్టండి. సీజను పూర్తయ్యాక తను తీసిన ఒక పెళ్ళి ఆల్బమ్ మీరూ, తల్లిగారూ కూర్చుని చూడండి. ఆ తర్వాతే టికెట్టు.