కోల్న్ వెళ్తున్న మా బుజ్జికి, పండగ మాటల గురించి

బుజ్జీ,

నీకు జర్మనీలో నర్సు ఉద్యోగం వచ్చిందని, అదీ కోల్న్‌లోనే అని మీ అమ్మ ఫోన్లో చెప్తే సంతోషంతో కాసేపు నాకు మాట రాలేదు. మన ఇంట్లోంచి ఒక ఆడపిల్ల ఒక్కతే అంత దూరం వెళ్ళడం ఇదే మొదలు, నేను వెళ్ళానంటే మీ పెదనాన్న వెనకాల వెళ్ళినదాన్నే కదా. అంతలోనే ఇంకో సంగతి చెప్పింది. జర్మన్ పుస్తకంలో పండగలు, ఆచారాలు అనే చాప్టర్ వదిలేస్తున్నావంట, మందుల పేర్లూ ఒంట్లో భాగాల పేర్లూ వస్తే చాలు, వార్డులో పండగలతో నాకేం పని అన్నావంట. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు తల్లీ, అందుకే ఇంత పొడుగు మెసేజ్.

మామూలు విషయాలు నీకు తెలిసినవే. ఏ నామవాచకమైనా దాని లింగం చెప్పే డేర్, డీ, డాస్‌తో కలిపే రాసుకో, బహువచనం పక్కనే రాసుకో. ఆచారం అంటే డేర్ బ్రౌఖ్, ఆచారాలు అంటే డీ బ్రోయ్‌షె. పండగ డాస్ ఫెస్ట్, సెలవు రోజు డేర్ ఫైయర్‌టాగ్. రోజూ పైకి చదువు. అంతే.

కానీ పండగ పేరు ఒక్కటే రాసుకుని పక్కన తెలుగు అర్థం పెట్టుకుంటే సరిపోదు. ఆ రోజు వాళ్ళు ఏం చేస్తారు, ఏం అంటారు, నీ నుంచి ఏం ఆశిస్తారు, ఇవి కూడా రాసుకోవాలి. ఎందుకో చెప్తా విను.

మేం కోల్న్ వెళ్ళిన కొత్తల్లో మీ పెదనాన్న నోట్‌బుక్‌లో "వైబర్‌ఫాస్ట్‌నాఖ్ట్: కార్నెవాల్‌లో ఆడవాళ్ళ రోజు, బూడిద బుధవారానికి ముందొచ్చే గురువారం" అని నీట్‌గా రాసుకున్నారు, పరీక్షలో అడిగితే ఫుల్ మార్కులు వచ్చేవి. కార్నెవాల్ అంటే ఈస్టర్ ముందు ఉపవాస దినాలు మొదలవకముందు వేషాలతో చేసుకునే సంబరం, ఆ ఉపవాసాలు బూడిద బుధవారంతో మొదలవుతాయి. ఆ గురువారం మా నాన్న పెళ్ళిలో పెట్టిన సిల్క్ టై కట్టుకుని ఆఫీసుకి వెళ్ళారు. పదకొండు గంటల పదకొండు నిమిషాలు కాగానే పక్క సీటావిడ నవ్వుతూ కత్తెర పట్టుకొచ్చి ఆ టైని సగానికి కత్తిరించేసింది, వెంటనే బుగ్గ మీద ముద్దు పెట్టబోయింది. అక్కడ ఆ రోజు అది ఆచారం, ఆడవాళ్ళు మగవాళ్ళ టైలు కత్తిరిస్తారు, బదులుగా బుగ్గ మీద చిన్న ముద్దు పెడతారు. ఈయనకేం తెలుసు? వెనక్కి గెంతి అందరి ముందూ గట్టిగా అరిచేశారు, ఇదేం మర్యాద, ఇది మా మావగారు పెట్టిన టై అని. పాపం ఆవిడ మొహం పాలిపోయిందంట. మర్నాడు ఆయన టేబుల్ మీద కొత్త టై, క్షమించమని ఒక కార్డు. ఇంక ఆ తర్వాత ఎవరూ ఆయన్ని భోజనానికి పిలవలేదు. కోపంతో కాదు బుజ్జీ, ఈ మనిషి మళ్ళీ దేనికి నొచ్చుకుంటాడో అన్న భయంతో. అదే నాకు ఎక్కువ బాధ. ఆయనొక్కరే తినొచ్చేవారు, నేను ఇంట్లో భాష రాక ఒక్కదాన్నే కూచునేదాన్ని. పదం ఆయనకి వచ్చు, ఆ పదం వెనక కత్తెర ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. మరుసటేడు పాత సామాన్ల సంతలో ఒక టై కొనుక్కుని, అది కట్టుకుని తనే ఆవిడ దగ్గరికెళ్ళి నిలబడ్డారు. ఆవిడ ఎంత సంబరపడిందో! ఆ సోమవారం, దాన్ని రోజెన్‌మోన్‌టాగ్ అంటారు, మమ్మల్ని ఊరేగింపుకి తనే తీసుకెళ్ళింది, నేనూ అందరితోపాటు "కామెల్లె!" (మిఠాయిలు!) అని అరిచి గొడుగు తిరగేసి పట్టుకుని, బళ్ళ మీంచి విసిరే చాక్లెట్లు ఏరుకున్నా.

ఇదే పండగ మ్యూనిక్‌లో ఫాషింగ్, నైరుతి మూల ఊళ్ళలో ఫాస్నెట్. సంబరంలో కేక వెయ్యాలంటే కోల్న్‌లో "అలాఫ్" అనాలి, పక్కనున్న డ్యూసెల్‌డార్ఫ్‌లో "హెలౌ". కోల్న్‌లో నిలబడి హెలౌ అనకు.

ఇంకోటి, మనకి అడ్వాన్స్ హ్యాపీ బర్త్‌డే చెప్పే అలవాటు ఉంది కదా, అక్కడ అస్సలు వద్దు, ముందుగా చెప్తే అపశకునం అంటారు. పుట్టినరోజు ఎవరిదో వాళ్ళే కేకు తెస్తారు, నీ పుట్టినరోజుకి వార్డులో అందరికీ నువ్వే తీసుకెళ్ళు.

నా భయమంతా డిసెంబర్ గురించే. ఆరో తారీకు సెయింట్ నికొలాస్ రోజు, ముందురోజు రాత్రి పిల్లలు బూట్లు తుడిచి మిఠాయిల కోసం బయట పెడతారు. నాలుగు కొవ్వొత్తుల ఆడ్వెంట్స్‌క్రాన్స్, అంటే క్రిస్మస్ ముందు ఆదివారానికొక కొవ్వొత్తి వెలిగించే ఆకుల చక్రం, వార్డులో కూడా కనిపిస్తుంది, ఆ ఆచారం 1839లో హాంబుర్గ్‌లో వీషెర్న్ అనే ఆయన పేద పిల్లల కోసం మొదలుపెట్టింది. అన్నిటికంటే పెద్దది 24వ తారీకు సాయంత్రం, హైలిగాబెంట్. బహుమతులు ఇచ్చుకునేది అప్పుడే, దాన్ని డీ బెషేరుంగ్ అంటారు. ఆ మధ్యాహ్నానికే షాపులు మూసేస్తారు, 25, 26 కూడా సెలవే, రోడ్డు మీద మనిషి కనపడడు. కొత్తగా చేరినదానివి, డ్యూటీ నీకు పడొచ్చు. ఎవరూ చూడ్డానికి రాని ముసలివాళ్ళు వార్డులో ఉంటారు. వాళ్ళ దగ్గర కూచుని, మీ ఇంట్లో హైలిగాబెంట్‌కి ఏం వండేవాళ్ళు అని ఒక్క మాట జర్మన్‌లో అడుగు. బంగాళదుంపల సలాడ్, సాసేజ్ అని మొదలుపెట్టి వాళ్ళమ్మ దాకా చెప్పుకొస్తారు. ఇప్పుడు చెప్పు, పండగలతో నీకేం పని?

కోప్పడ్డానని అనుకోకు. నువ్వు అక్కడ ఒంటరిగా కూచుంటావేమో అని నా బెంగ. ఎవరైనా ఇంటికి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్ళు, మాంసం తిననని ముందే చెప్పు, ఏమీ అనుకోరు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పాలంటే 31 రాత్రి పన్నెండు లోపల "గూటెన్ రుచ్", పన్నెండు దాటాక "ఫ్రోహెస్ నోయెస్".

గోథె ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బీ వన్ స్థాయి జర్మన్ పరీక్షలో స్పీకింగ్‌కి చిన్న ప్రెజెంటేషన్ ఉంటుంది, మీ దేశంలో ఎలా అని ఒక భాగం అడుగుతారు. పండగల టాపిక్ వస్తే మన సంక్రాంతి చెప్పు. డాస్ ఎర్న్‌టెఫెస్ట్ అంటే పంటల పండగ, గాలిపటం డేర్ డ్రాఖెన్. భోగి మంట చెప్పడం ఇంకా తేలిక, వాళ్ళకీ ఈస్టర్‌కి ఊళ్ళలో పెద్ద మంట వేస్తారు, ఓస్టర్‌ఫోయర్ అని, ఆ మాట అంటే చాలు టక్కున అర్థమవుతుంది. ఫైయెర్న్, ష్ముకెన్, షెంకెన్, ఆన్‌ట్స్యుండెన్, ఈ నాలుగు క్రియలు బాగా పట్టుకో, పండగ చేసుకోవడం, అలంకరించడం, బహుమతి ఇవ్వడం, వెలిగించడం.

ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్ చెయ్యి. సంక్రాంతి గురించి కాగితం చూడకుండా జర్మన్‌లో చెప్పాలి, డేర్ డీ డాస్ తప్పితే ఆపేస్తా, పెదనాన్న కూడా వింటారంట.

మీ పెద్దమ్మ