అసెంబ్లీ లైన్‌లో రోజూ ఇద్దరు ముగ్గురు రాకపోతే షిఫ్ట్ షెడ్యూల్ ఎలా వేయాలి?

రెండు లైన్లు, లైన్‌కి 24 మంది. ఎక్సెల్‌లో ఎంత జాగ్రత్తగా షెడ్యూల్ వేసినా రోజూ ఇద్దరు ముగ్గురు రాక టార్గెట్ పడిపోతోందని రాశారు. శ్రీసిటీలో ఫోన్ల అసెంబ్లీ లైన్‌కి సూపర్‌వైజర్‌గా చేశాను కాబట్టి ఆ టెన్షన్ నాకు తెలుసు.

ముందు అసలు ఎంతమంది కావాలో చూసుకోండి. 8 గంటల షిఫ్ట్ అంటే 480 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీ బ్రేకులకు 20 తీసేస్తే 430. టార్గెట్ 860 అనుకుంటే 30 సెకన్లకో పీస్ బయటికి రావాలి. పీస్‌కి మొత్తం పని 600 సెకన్లయితే కాగితం మీద 20 మంది చాలు. పనిని అంత సమంగా పంచడం కుదరదు కాబట్టి 22 మంది పడతారు. మిగిలిన ఇద్దరూ రిలీవర్లు, అంటే రానివాళ్ల చోట కూర్చునేవాళ్లు. వాళ్లను మాత్రం ప్యాకింగ్‌లో కూర్చోబెట్టేయకండి, అందరూ చేసేది అదే.

ఎంతమంది రాలేదన్నదానికంటే ఎవరు రాలేదన్నది చూడాలి. ప్యాకింగ్‌లో ఒకరు రాకపోతే పక్కమ్మాయి సర్దుకుంటుంది. మా దగ్గర కెమెరా కేబుల్ బిగించే స్టేషన్ ఉండేది. గోరంత కనెక్టర్; కాస్త వంకరగా నొక్కినా పిన్ వంగిపోతుంది, ఆ సంగతి టెస్టింగ్‌లో గానీ బయటపడదు. అక్కడ కొత్తవాళ్లను వేస్తే కాసేపటికే ముందు ట్రేలు పేరుకుపోయేవి, తర్వాతి స్టేషన్లవాళ్లు చేతులు కట్టుకుని కూర్చునేవారు. అలాంటి స్టేషన్లు మీ లైన్‌లోనూ మూడో నాలుగో ఉంటాయి. ఒక్కోదానికి కనీసం ముగ్గురు చెయ్యి తిరిగినవాళ్లు కావాలి, అందులో ఒకరు రిలీవర్. ఆ ముగ్గురికీ ఒకే రోజు వీక్లీ ఆఫ్ ఇవ్వకండి. వీలైతే ఒకే బస్సు రూటు వాళ్లు కాకుండా చూసుకోండి. సూళ్లూరుపేట బస్సు లేటైతే ముగ్గురూ లేటే!

నేర్పడానికి టైమ్ ఎక్కడిదంటారా? టార్గెట్ తక్కువున్న రోజు చూసుకోండి. నేర్చుకున్నాక కూడా వారానికోసారి అక్కడ కూర్చోబెట్టకపోతే వేగం పోతుంది.

ఓటీతో (ఓవర్‌టైమ్‌తో) నెట్టుకురావద్దు. వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు ఇవ్వాలి, పైగా ఓటీ చేసి అలిసిపోయినవాళ్లు మర్నాడు రారు.

ఇక సంక్రాంతి. భోగికి ముందే సగం మంది ఊళ్లకు వెళ్లిపోతారు, ఆపినా ఆగరు. ఆ వారం రెండు లైన్లను ఈడ్చేకంటే ఉన్నవాళ్లతో ఒక్కటే నిండుగా నడపండి. ప్లానింగ్ వాళ్లకు ఈ మాట డిసెంబర్‌లోనే చెప్పి పెట్టండి.